సుధకు అమ్మ ఉత్తరం

చిరంజీవి సుధకు, అమ్మ ఆశీస్సులు.

నీ ఫోను వచ్చి మూడు వారాలైంది. ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్ పరీక్ష ఇక రాయనని నువ్వు అన్నట్టు రాజీ వాళ్ల చిన్నాడు చెప్పాడట. నేను ఆ మాట పట్టించుకోలేదు. కావలి అత్తయ్యకు మోకాళ్ల నొప్పి తగ్గింది.

దసరాకు వచ్చినప్పుడు నువ్వు మంచం మీద వదిలేసిన మాక్ టెస్టు కాగితాలు చూశాను. పాసేజీ ప్రశ్నల్లో నువ్వు తప్పిన అయిదింటిలో నాలుగు ఒకే తీరువి. ప్రమాదాలు తగ్గించడానికి నిబంధన తెచ్చారని అక్కడ ఉంటే, నిబంధన వల్ల ప్రమాదాలు తగ్గాయన్న ఆప్షన్‌కు నువ్వు టిక్కు పెట్టావు. 'ఎయిమ్డ్ టు', 'ఇన్ ఆర్డర్ టు' అన్నవి తలపెట్టినవాళ్ల మనసును మాత్రమే చెబుతాయి; 'లెడ్ టు', 'రిజల్టెడ్ ఇన్' వంటి మాట కనబడితేనే అది జరిగినట్టు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్నప్పుడు, నేను మన రామాలయం అరుగు మీద లాంతరు పెట్టుకుని రాత్రి బడి నడిపాను. ఆడవాళ్లకు సంతకం రావాలి, బస్సు బోర్డు చదవగలగాలి అన్నదే నా ఉద్దేశం. సారా వల్ల చితికిపోయిన సంసారం గురించిన పాఠం వచ్చిన రాత్రి వెంకమ్మవ్వ పలక పక్కన పెట్టి తన ఇంటి సంగతి ఎత్తుకుంది. తెల్లవార్లూ ఒకరి తరువాత ఒకరు చెబుతూనే ఉన్నారు, ఒక్క అక్షరమూ సాగలేదు. 1992లో మన జిల్లాలోనే ఉన్న దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారని తెలిశాక మనవాళ్లూ సారా కొట్టు ముందు బైఠాయించారు. 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని ప్రభుత్వం నిషేధించింది; 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. వెంకమ్మవ్వ మాత్రం చివరిదాకా వేలిముద్రే వేసింది.

ఇదే పాసేజీగా వచ్చి, సారాను ఆపడానికే రాత్రి బడులు పెట్టారని ఆప్షన్ ఇస్తే, ఫలితాన్ని తెచ్చి ఉద్దేశం చేశారని నువ్వు పట్టుకోవాలి. నిషేధంతో జనం తాగుడు మానేశారని ఇస్తే, మానేశారన్న వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి వెతకాలి. దొరకకపోతే, నీకు ఎంత సబబుగా తోచినా దాన్ని వదిలెయ్యాలి. తప్పు టిక్కుకు ఒక మార్కు కోస్తారు, తల్లీ. రాత్రి పన్నెండు దాటాక ఈ ప్రశ్నలు పట్టుకోవద్దు, కళ్లు మాటలను దాటేస్తాయి.

నాకు బెంగ కలగకూడదనే నువ్వు ఫోను చెయ్యడం లేదేమో. ఇక్కడ మీ నాన్న రాత్రిళ్లు రెండుసార్లు లేచి ఫోను చూసుకుంటున్నారు. పరీక్ష మానాలనుకుంటే మానుకో, కానీ ఆ మాట నాకు నువ్వే చెప్పు.

నువ్వులుండలు, గోంగూర పచ్చడి బస్సులో పంపుతున్నాను. స్టీలు డబ్బా మీ అమ్మమ్మది, పారేయకు. ఆదివారం పదింటికి ఫోను దగ్గరే ఉంటాను.

మీ అమ్మ