లాడ్జి రూం నంబరుకు చోటుంది, క్లినిక్‌కు లేదు

సంపాదకులకు,

సెప్టెంబరు 4న ప్రపంచ లైంగిక ఆరోగ్య దినోత్సవం ఘనంగా జరిగిందని మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, బొకేలు, వరసగా నిలబడ్డ అధికారులు. వార్త రెండుసార్లు చదివినా ఎవరేం చెప్పారో మాత్రం దొరకలేదు. 'యువత సన్మార్గంలో నడవాలి' అన్నారట. అది ఉగాదికీ చెప్పొచ్చు, సంక్రాంతికీ చెప్పొచ్చు.

మా పక్కింటమ్మాయి ఆ సభలోనే ఉంది. అబ్బాయిలను ముందే బయటికి పంపేశారట. ప్రశ్నలు చీటీల మీద రాసి డబ్బాలో వేయమన్నారట, టైం అయిపోయిందని డబ్బా తెరవకుండానే భోజనాలకు లేచారట. 2010లో ప్రపంచ లైంగిక ఆరోగ్య సంఘం ఈ రోజును మొదలుపెట్టినప్పటి నినాదమే 'దీని గురించి మాట్లాడుకుందాం'. మనవాళ్లు అదొక్కటి తప్ప అన్నీ చేశారు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి 'ఇది ఇంటిదగ్గర చదువుకోండి' అనే టీచర్లను చూశాను. ఇంట్లో ఎవరు చెబుతారండీ? టీవీలో శానిటరీ ప్యాడ్ ప్రకటన వస్తే రిమోట్ కోసం వెతుక్కునే ఇళ్లు మనవి. అలాగని టీచర్లనే అని లాభం లేదు. కేంద్రం 2005లో ఈ విషయాలు బడుల్లో చెప్పడానికి కౌమార విద్యా కార్యక్రమం తెస్తే, 2007 నాటికే మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు వద్దుపొమ్మన్నాయి. 2009లో మన వెంకయ్యనాయుడు గారు అధ్యక్షులుగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో సెక్స్ ఎడ్యుకేషన్ అక్కర్లేదని తేల్చింది. తర్వాత 2014లో టీనేజీ పిల్లల ఆరోగ్యానికని ఒక పథకం, 2020లో స్కూలుకి ఇద్దరు హెల్త్ అంబాసిడర్లు అంటూ ఇంకొకటి. అంబాసిడర్లంటే మళ్లీ ఆ టీచర్లే. ఓటర్ల జాబితాలు సరిచూడటం అయ్యాక తీరిక ఉంటే పిల్లల ఆరోగ్యం చూసుకోవాలి!

ఇక మీ సంగతి. ఆ వార్త వచ్చిన రోజు పేపర్లోనే, లోపలి పేజీలో 'లైంగిక బలహీనతా? ఫలానా లాడ్జి, రూం నంబరు ఇంత, ప్రతి నెలా రెండో ఆదివారం, వివరాలు గోప్యం' అని ప్రకటన. లైంగిక శక్తి పెంచుతామంటూ మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అధికారులు పేపరు చదవరా, చదివినా తమ ఫొటో చూసుకుని మడిచేస్తారా? హస్తప్రయోగం పెద్ద రోగమని కుర్రాళ్లను బెదరగొట్టి వేలకు వేలు గుంజేది ఈ లాడ్జి డాక్టర్లే. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి వడ్డీకి అప్పు తెచ్చి మరీ లేహ్యాలు కొన్నాడు. ఆ టెన్షన్‌తో నిద్ర కూడా మానేశాడు. తీరా అసలు డాక్టరుకు చూపిస్తే ఏ జబ్బూ లేదు.

ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సుఖవ్యాధులకు ఉచితంగా చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది. 1097కి ఫోన్ చేస్తే హెచ్ఐవీ గురించి పైసా ఖర్చు లేకుండా అడగొచ్చు. ఈ రెండు ముక్కలూ మీ వార్తలో లేవు. వేదిక మీది వాళ్ల పేర్లు మాత్రం ఇంటిపేర్లు, హోదాలతో సహా ఉన్నాయి.

డిసెంబరు 1న ఎయిడ్స్ దినం వస్తోంది. ర్యాలీ, రెడ్ రిబ్బన్, ఫొటో ఎలాగూ తప్పవు. ఈసారి ఆ ఫొటో కాస్త తగ్గించి, క్లినిక్ ఆసుపత్రిలో ఏ గదిలో ఉందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో వేయండి. లాడ్జి రూం నంబరైతే అచ్చుతప్పు లేకుండా వేస్తున్నారుగా.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి