అంగన్‌వాడీల్లో ఆర్‌ఎస్‌వీ: హైదరాబాద్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పసిపిల్లల ఆయాసానికి ఒక ముఖ్య కారణం ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్). రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ సోకుతుంది. అంగన్‌వాడీకి వెళ్లే నాలుగేళ్ల పిల్లకు ముక్కు కారి తగ్గిపోతుంది. ఇంట్లో ఉన్న మూడు నెలల తమ్ముడికి మాత్రం ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు వాచి, కఫంతో పూడుకుపోవచ్చు. అందుకే అంగన్‌వాడీ కేంద్రంలోనే అడ్డుకోవాలి.

బల్లలు, ప్లాస్టిక్ బొమ్మల మీద ఇది గంటల తరబడి బతుకుతుంది. ఫినాయిల్ వాసన వచ్చినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు (తనిఖీల్లో చూసేది ఆ వాసనే!). వాటిని తుడవడానికి 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ ద్రావణం) 20 మిల్లీలీటర్లకు నీళ్లు 980 మిల్లీలీటర్లు, ఏ రోజుకారోజు కలపాలి. ముందు సబ్బునీళ్లతో కడగకపోతే క్లోరిన్ ఆ మురికికే ఖర్చైపోతుంది. పది నిమిషాలాగి బొమ్మల్ని మంచినీళ్లతో కడిగేయాలి, నోట్లో పెట్టుకుంటారు కదా.

టీచర్లకు, ఆశాలకు ఊపిరి లెక్క నేర్పించండి. బిడ్డ ఏడవనప్పుడు, నిండు నిమిషం. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, లేదా అంతకు మించి ఉంటే ఆస్పత్రికే. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా లెక్కతో పనిలేదు, వెంటనే నీలోఫర్ ఆస్పత్రికో గాంధీ ఆస్పత్రికో పంపాలి. మెడికల్ షాపు యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు.

కిటికీల్లేని ఒంటిగది కేంద్రాల జాబితా తెప్పించి, ముందు వాటిని మార్చండి.

— కొందరు పిల్లల వైద్యులు, నర్సులు