కౌమార మానసిక ఆరోగ్య ఉపసంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన ఉపసంఘం పని చాలావరకు ఫీజు బకాయిలు, బ్యాంకు ఖాతాలు, కరెంటు మీటర్ల చుట్టూనే తిరిగింది. మానసిక ఆరోగ్యం పేరు పెట్టుకుని ఇవన్నీ ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. ఫీజు కట్టలేదని క్లాసులో నిలబెట్టిన పిల్లకు ఎంత కౌన్సెలింగ్ ఇప్పించినా, బకాయి తీరకపోతే సోమవారం మళ్లీ అదే క్లాసులో నిలబడాలి. అందుకే ముందు డబ్బు చిక్కు, తర్వాత మాట.

తల్లికి వందనం (చదువుకునే పిల్లల తల్లుల ఖాతాలో రాష్ట్ర ప్రభుత్వం డబ్బు వేసే పథకం): అర్హత ఉన్నా డబ్బు పడనివాళ్లే ఎక్కువగా మన దగ్గరికి వచ్చారు. పథకం కింద ఒక్కో విద్యార్థికి 15,000. అందులో 2,000 బడి నిర్వహణకు పోను తల్లి ఖాతాలో పడేది 13,000. ఆగడానికి ముఖ్య కారణాలు రెండు. మొదటిది, ఆధార్‌కు ముడిపడిన ఖాతా తల్లి రోజూ వాడే ఖాతా కాకపోవడం, వాడకం లేక అది మూతపడి ఉండడం. బ్యాంకుకు వెళ్లి ఎన్‌పీసీఐ లింకు (ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాకు వెళ్లాలో తేల్చే ఆధార్ ముడి) వాడుకలో ఉన్న ఖాతాకు మార్పించుకోవాలి. రెండోది, ఇంటి కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదన్న పరిమితి. నాలుగు వాటాలకు ఒకే మీటరు ఉన్న ఇంట్లో అందరి వాడకం ఒకరి ఆధార్ మీద పడుతుంది. కరెంటు బిల్లు, ఆధార్ పట్టుకుని వార్డు సచివాలయంలో అభ్యంతరం పెట్టుకుంటే సరిచేసే అవకాశం ఉంది. ఆలస్యం చేస్తే ఆ విడత పోతుంది.

ఫీజు సర్దుబాటు నిధి: ఫీజు కట్టలేని ఇళ్లకు సంఘం ఇచ్చే చేబదులు ఇది, వడ్డీ లేదు. డబ్బు సంఘం పేరుతో నేరుగా కాలేజీకి చెల్లిస్తాం, రసీదు తల్లిదండ్రులకు ఇస్తాం. వేదిక మీద చెక్కు ఇవ్వడం, వాట్సాప్‌లో ఫొటో పెట్టడం ఉండవు. దాతలు అడుగుతూనే ఉన్నారు, మేం కాదంటూనే ఉన్నాం. పక్క అపార్ట్‌మెంటు పిల్లలు చూసే గ్రూపులో తన ఫొటో పడుతుందని తెలిస్తే పదహారేళ్ల కుర్రాడు సాయం వద్దనుకుని చదువే మానేస్తాడు.

చదువు గది: ఇంట్లో చోటు లేని పిల్లలు చదువుకోవడానికి సంఘం తెరిచే గది, సాయంత్రం 6 నుంచి 10 వరకు. ఒకే గది ఇంట్లో టీవీ, వంట, చంటిపిల్ల మధ్య చదువు సాగదు, నిద్రా సాగదు. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కు వెళ్లే అబ్బాయిలు అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతారు. పొద్దున క్లాసులో కునుకు తీస్తే బద్ధకం అంటారు.

అమ్మాయిల నీరసానికి ముందు రక్తపరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనతే. దిగులుకూ దీనికీ లక్షణాలు చాలావరకు కలుస్తాయి: అలసట, చిరాకు, ధ్యాస నిలవకపోవడం. ప్రభుత్వం వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మి.గ్రా. ఇనుము ఉంటుంది. పరగడుపున వేస్తే వికారం, అందుకే పారేస్తున్నారు. భోజనం తర్వాత వేయించండి, వెంటనే టీ ఇవ్వకండి. రక్తహీనత తేలితే వారానికో మాత్ర చాలదు, డాక్టరుకు చూపించాలి.

తొమ్మిది ప్రశ్నల పత్రం: దిగులు ఎంత ఉందో చూసే ఈ పత్రం గత రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు దగ్గరకు పంపుతాం. పత్రం జబ్బును తేల్చదు, ఎవరిని చూపించాలో చెబుతుంది. చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే పెద్దవాళ్లలో ఒకరు పక్కన ఉండాలి, ఆ రోజే చూపించాలి. పక్కన అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని నింపిస్తే అన్నీ సున్నాలే వస్తాయి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. అయితే ఇంట్లో ఉన్నది నాన్న ఫోను ఒక్కటే. కాల్ జాబితాలో ఆ నంబరు కనబడుతుందని అమ్మాయిలు చేయరు. అందుకే చదువు గది వెనక తలుపున్న చిన్న గదిలో సంఘం ఫోను పెట్టాం. ఎవరు వాడారో రాసే పుస్తకం లేదు.

విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చిన విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన మార్గదర్శకాలను కాలేజీలకు అందజేస్తున్నాం. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. తల్లిదండ్రులు ఒక్కొక్కరుగా అడిగితే గేటు దగ్గరే సమాధానం వస్తోంది. సంఘం లెటర్‌హెడ్ మీద రాసి, అందినట్టు కాపీ మీద ముద్ర వేయించుకుంటే కనీసం ప్రిన్సిపాల్ బల్ల దాకా వెళ్తుంది.

మహాసభ ఆమోదానికి రెండు ప్రతిపాదనలు: చదువు గదిని పరీక్షల నెలల్లో రాత్రి 11 వరకు తెరవడం, సర్దుబాటు నిధిలో కొంత భాగాన్ని ఫిబ్రవరికి ముందే విడిగా ఉంచడం. హాల్‌టికెట్ ఇవ్వం అనే మాట వినబడేది ఆ నెలలోనే.