కంట్రీ పాటగాళ్లు, సైనికులు

అందరికీ నమస్కారం. "ఈ కంట్రీ సింగర్లు మాటిమాటికీ సైన్యం పేరెత్తేది పాటలు అమ్ముకోవడానికేనా?" అని నిన్న గ్రూప్‌లో ఒకరు అడిగారు. (కంట్రీ అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన ఒక రకం సంగీతం.) కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ అమెరికన్ కంట్రీ సింగర్ టోబీ కీత్ సంగతి వినండి.

వాళ్ల నాన్న అమెరికా సైన్యంలో పనిచేస్తూ ఒక కన్ను పోగొట్టుకున్నారు. 2001 మార్చిలో రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆర్నెల్లకే సెప్టెంబర్ 11 దాడులు. ఆ దుఃఖం, ఈ కోపం కలిసి ఒక పాటయింది. దాన్ని సైనికుల ముందు మాత్రమే పాడాలనుకున్నాడట. మెరైన్ దళాధిపతి జేమ్స్ జోన్స్ చెప్పాకే రికార్డు చేశాడు. అందులో ఆవేశం నాకూ కాస్త ఎక్కువే అనిపిస్తుంది, అది వేరే విషయం.

ఆయన పాటతో సరిపెట్టలేదు. అమెరికా సైనికులకు వినోదం ఏర్పాటు చేసే యూఎస్‌ఓ సంస్థ తరఫున ఇరాక్, అఫ్గానిస్థాన్ సైనిక స్థావరాలకు పదేపదే వెళ్లాడు. 2008లో కాందహార్‌లో పాడుతుండగా మోర్టార్లు పడ్డాయి. అందరితో పాటు బంకర్‌లోకి పరుగెత్తి, సద్దుమణిగాక మళ్లీ వచ్చి కచేరీ పూర్తి చేశాడు. 2024 ఫిబ్రవరిలో క్యాన్సర్‌తో పోయాడు, 62 ఏళ్లే.

ఇక ఇంకో కంట్రీ సింగర్ క్రెయిగ్ మోర్గన్ అయితే స్వయంగా మాజీ సైనికుడు, 1989లో పనామాలో పనిచేశాడు. 2023 జులైలో, 59 ఏళ్ల వయసులో, నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే పేరున్న కంట్రీ సంగీత వేదిక మీదే ప్రమాణం చేసి ఆర్మీ రిజర్వ్‌లో మళ్లీ చేరాడు! మన దగ్గర ఆ వయసుకి రిటైర్మెంట్ ఫంక్షన్ పనుల్లో ఉంటాం.

మోర్గన్ పాటల్లో మీకు నచ్చినవి ఉంటే ఇక్కడ పెట్టండి, లింక్ చాలు.