సోమవారం నుంచి బండి మీద వచ్చేవాళ్లకి పార్సిల్ వెనక గల్లీ గేటు దగ్గర

చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో మన కర్రీ పాయింట్‌కి రోజూ వచ్చే అందరికీ చెప్పేది ఏంటంటే, సోమవారం సాయంత్రం నుంచి బండి మీద వచ్చేవాళ్లకి ముందు కౌంటర్లో పార్సిల్ ఇవ్వం, వెనక గల్లీ గేటు దగ్గర ఇస్తాం. కూరలు అవే, రేట్లు అవే.

ఎందుకో మీలో చాలామందికి తెలుసు, చలానా మెసేజ్ మీ ఫోన్లకే వచ్చింది కాబట్టి. స్టాండ్ వేసి పప్పు, వేపుడు కట్టించుకుని వెనక్కి తిరిగేలోపే ట్రాఫిక్ పోలీసులు బండి ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు. ఇంతకుముందు మైకులో నంబర్ చదివేవాళ్లు, పరిగెత్తి బండి తీసేవాళ్లం, ఇప్పుడు అదీ లేదు. మొన్న ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పులతో మెల్లగా మెట్లు దిగేసరికి స్కూటర్ క్రేన్ ఎక్కేసింది, నేను చేతులు జోడించి అడిగితే "మీ షాపు వల్లే ఇక్కడ జామ్" అన్నారు అందరి ముందూ. ఆ మాట నాకింకా మింగుడు పడట్లేదు. మెట్రో పిల్లర్లు వచ్చి రోడ్డు ఇరుకైంది, దానికి నేనెలా కారణం అవుతాను?

నో పార్కింగ్‌లో ఉన్న బండి ఎత్తుకెళ్లొచ్చు, క్రేన్ ఖర్చు ఓనరే కట్టాలి అని మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్లో ఉంది, కాదనను. కానీ అదే చట్టం 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఆపుకోడానికి చోటు చూపించే అధికారం కూడా ప్రభుత్వానిదే కదా, ఆ చోటు మా రోడ్డులో ఎక్కడుంది? 2018లో మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఫ్రీ అని జీవో ఇచ్చారు. మాల్‌కి వెళ్లేవాళ్లకి అరగంట ఇచ్చి, ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ కూర కొనుక్కునేవాళ్లకి రెండు నిమిషాలు ఇవ్వలేరా? అంబులెన్సుకి అడ్డంగా కారు పెట్టి పోయేవాళ్లని పట్టుకోండి, నేనే ఫోటో తీసి ఇస్తాను.

ఈ నిర్ణయానికి మాత్రం చాలా నలిగిపోయాను. పక్క బిల్డింగ్ సెల్లార్లో సాయంత్రాలు బండ్లకి చోటు అద్దెకి అడిగాను, ఇస్తామన్నారు కూడా, కానీ ఆ అద్దె కూరల మీద వేయాలి లేదా ప్యాకెట్ సైజు తగ్గించాలి, రెండూ మనసొప్పలేదు. మా అబ్బాయేమో డెలివరీ యాప్‌లో పెట్టేద్దాం అంటాడు, వాళ్ల కమిషన్ పోగా మిగిలినదాంతో ఇదే నూనె, ఇదే కందిపప్పు వాడలేను, పైగా గిన్నె మూత తీయించి చూసి "ఇవాళ ఏది బాగుందక్కా" అని అడిగి పట్టుకెళ్లే మనుషులు మీరు, మిమ్మల్ని ఫోన్లో ఆర్డర్ నంబర్లుగా చూడలేను. రోడ్డు మీద జనం కనపడకపోతే కొత్తవాళ్లు ఆగరు అని మా ఆయన బెంగ. ఆగకపోవచ్చు. పాతవాళ్లకి చలానాలు పడుతుంటే కొత్తవాళ్ల గురించి ఎలా ఆలోచించను?

అలాగని ముందు షట్టర్ దించను, బోర్డు లైటూ ఆర్పను. నడిచి వచ్చేవాళ్లకి, మెట్రో దిగి వచ్చేవాళ్లకి ఎప్పటిలా అక్కడే. గల్లీలో గేటుకి ఒక పక్కగా బండి పెట్టుకోండి, ఎదురింటివాళ్ల దారి వదిలేయండి, వాళ్లతో మాట్లాడాను. ముందే వాట్సాప్ చేస్తే కట్టి ఉంచుతాం, సాంబారుకి గిన్నె తెచ్చుకుంటే ఇంకా మంచిది.