టాకీసు పోయింది, కాగితాలైనా దాచండి

సంపాదకుడికి,

మా ఊరి కాలువ గట్టున ఉన్న పాత టాకీసును గత నెలలో నేలమట్టం చేశారు. స్థలం యజమానిది, అనుమతి ఉంది; ఆయనను తప్పు పట్టను. ఒక్క తెరతో హాలు నెట్టుకురావడం ఎంత కష్టమో ఊరందరికీ తెలుసు. నా బాధ వేరు. కూల్చే ముందు ఎవరూ ఒక్క ఫొటో తీయలేదు, కొలతలు రాసుకోలేదు. ఆపరేటర్ గదిలోని రెండు ప్రొజెక్టర్లు పాత ఇనుము కింద తూకానికి వెళ్లాయి.

నేల తరగతిలో ఆడవాళ్లకు, మగవాళ్లకు మధ్య నడుమెత్తు గోడ ఉండేది. 1963లో రంగుల ‘లవకుశ’ ఆడుతున్నప్పుడు మా అమ్మమ్మ లంక గ్రామం నుంచి పడవలో రేవు దాటి, అక్కడినుంచి ఎడ్లబండిలో వచ్చి చూసిందట. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా సీతారాముల కంటే ముందు ఆ గోడ పక్కన చోటు కోసం జరిగిన తోపులాటే చెప్పేది. ఇప్పుడు ఆ గోడ ఎక్కడ ఉండేదో మా పిల్లలకు చూపించలేను.

ఆ చిత్రాన్ని మొదలుపెట్టిన చిత్తజల్లు పుల్లయ్య కాకినాడలో పుట్టినవారు. 1934లో అదే కథను మొదటిసారి తెలుగు టాకీగా తీసిందీ ఆయనే. 1936లో నిడమర్తి సూరయ్య రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు. సినిమాతో ఇంత పాత చుట్టరికం ఉన్న ప్రాంతం మనది.

సినిమాలను భద్రపరచడానికి 1964లోనే పుణెలో జాతీయ భాండాగారం ఏర్పడింది. వాటిని ఊరూరా చూపించిన హాళ్లను పట్టించుకునేవారు లేరు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం నూరేళ్లు నిండిన కట్టడాలనే లెక్కలోకి తీసుకుంటుంది. తెలుగు టాకీ పుట్టిందే 1932లో. ఆ తర్వాత కట్టిన హాళ్లలో నూరేళ్ల దాకా ఎన్ని మిగులుతాయి?

కూల్చివేతకు దరఖాస్తు రాగానే పురపాలక సంఘం ఆ హాలును ఫొటోలు తీయించి, నక్షా గీయించాలి. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద ఇచ్చిన లైసెన్సుల పాత దస్త్రాలు ఎక్కడ మిగిలి ఉన్నా, చెదలు పట్టకముందే రాష్ట్ర పత్ర భాండాగారానికి చేర్చాలి. కార్బన్ కడ్డీల వెలుగులో రీళ్లు ఆడించిన ఆపరేటర్లు, గేటు దగ్గర టిక్కెట్లు చింపినవారు ఇంకా కొందరు మన మధ్యే ఉన్నారు. కళాశాలల చరిత్ర శాఖలు వారి మాటలను ఈ ఏడాదే రికార్డు చేయాలి. వారంతా పెద్ద వయసువారు.

కూల్చిన మరునాడు మట్టిలో నాకు నేల టిక్కెట్ల పుస్తకం ఒకటి దొరికింది, సగం చింపినది. భద్రపరుస్తామని ఏ గ్రంథాలయం ముందుకొచ్చినా తీసుకెళ్లి ఇస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పశ్చిమ గోదావరి జిల్లా