బ్యాంకాక్ ప్యాకేజీలో కోలుకునే రోజులు ఎక్కడ?

హనుమకొండ,
8 డిసెంబర్ 2025

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,
మెడికల్ టూర్ కంపెనీ, హైదరాబాద్ కార్యాలయం.

విషయం: సెప్టెంబర్ 2025 బ్యాంకాక్ ఫేస్‌లిఫ్ట్ (ముఖచర్మం బిగించే ఆపరేషన్) ప్యాకేజీలో ఒప్పుకున్న సేవలు అందనందున డబ్బు వాపసు కోరడం గురించి.

అయ్యా,

మీ ప్రకటన తెలుగులో చూశాను. మీవాళ్లు తెలుగులోనే మాట్లాడి డబ్బు కట్టించుకున్నారు. అందుకని ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. నవంబర్‌లో పంపిన రెండు మెయిళ్లకు "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఇంగ్లిష్‌లో ఒక ముక్క వచ్చింది, అంతే. ఈసారి స్పీడ్ పోస్టులో, రసీదులన్నీ జత చేసి పంపుతున్నాను.

ముందే ఒక మాట. ఆపరేషన్ చేసిన డాక్టర్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన పని ఆయన బాగానే చేశాడు. నా ఫిర్యాదు మీరు అమ్మినదాని మీద. మీరు అమ్మింది ఆపరేషన్ ఒక్కటే కాదు, ఆ తర్వాత కోలుకునే పది రాత్రులు కూడా. అవే దొరకలేదు.

నా వయసు 53. ఇరవై రెండేళ్లుగా జీవిత బీమా ఏజెంటును. చిన్న అక్షరాలు ఏ పేజీలో దాక్కుంటాయో పదిమందికి చెప్పేదాన్ని, నా కాగితాలు నేను చదువుకోలేదు. ఆ సిగ్గు నాకుంది. రెండేళ్ల కింద పద్దెనిమిది కిలోలు తగ్గాక దవడ కింద, మెడ దగ్గర చర్మం వేలాడింది. సుబేదారిలో ఏ గడప ఎక్కినా "ఒంట్లో బాగుంటలేదా అక్కా" అనే మాటే. హైదరాబాద్‌లో చేయించుకోవచ్చు కదా అంటారు. మా ఊళ్లో పొద్దున పన్ను పీకించుకుంటే సాయంత్రానికి నక్కలగుట్ట దాకా తెలుస్తుంది. బ్యాంకాక్ అయితే టూర్‌కు పోయానని చెప్పొచ్చు. మీ అమ్మాయి ఫోన్‌లో అన్నదీ అదే: "ఎవ్వరికీ తెల్వదు మేడం. పోతరు, తిరుగుతరు, కొత్త ముఖంతోని సద్దుల బతుకమ్మ ఆడుతరు."

మీ బ్రోషర్ తెరవగానే సుశ్రుతుడి బొమ్మ. తెగిన ముక్కును చెంప చర్మంతో అతికే విద్య మనదే అని గొప్పగా రాశారు. పేజీ తిప్పితే పట్టాయా బీచ్. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

ఆగస్టులో 4,60,000 రూపాయలు కట్టాను. దాని మీద 5 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) 23,000. అది నా పన్ను లెక్కల పత్రం 26ఏఎస్‌లో కనిపించింది, ఆ వరకు సంతోషం. కానీ మీ ఇన్‌వాయిస్ ఒకసారి తీసి చూడండి. అందులో ఆపరేషన్ అనే మాటే లేదు. "ఓవర్సీస్ టూర్ ప్యాకేజీ, ఇద్దరికి" అని ఉంది. అమ్మేటప్పుడు వైద్యం, బిల్లులో విహారయాత్ర, గొడవ వస్తే "మేం మధ్యవర్తులం మాత్రమే". మూడింట్లో మీరు ఏదో ఒకటి తేల్చుకోండి.

ఇక జరిగింది. నేను, మా వదిన సెప్టెంబర్ 8న దిగాం. 9న ఆపరేషన్ అన్నారు. ముందురోజు సాయంత్రం ఆస్పత్రిలో నర్సు ఒక కాగితం చేతిలో పెట్టింది. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి వేసుకోకూడని మందులు: ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, విటమిన్ ఇ, చేపనూనె గోళీలు. ఇవి రక్తాన్ని పలచబరుస్తాయి, కోసిన చోట రక్తం ఆగదు. నేను మోకాళ్ల నొప్పికి బయల్దేరే రోజు పొద్దున దాకా ఐబుప్రొఫెన్ వేసుకుంటూనే ఉన్నాను. ఆ సంగతి, నా బీపీ సంగతి, జులైలోనే మీ ఫారంలో నింపాను. ఆ ఫారం డాక్టర్‌కు చేరలేదు. ఆయన తల అడ్డంగా ఊపి ఆపరేషన్ 12వ తేదీకి వాయిదా వేశాడు. ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆ జాబితా మీ వాట్సాప్‌లో ఆగస్టులో రావాలి. అది తెలుగులో ఒక పేజీ. దాని ఖరీదు ఎంతండీ? కోలుకునే రోజుల్లో మూడు అక్కడే పోయాయి.

13న సాయంత్రం డిశ్చార్జ్ చేశారు. ఆపరేషన్ తర్వాత రెండుమూడు రోజులు వాపు పెరుగుతూ పోతుందని, తల ఎత్తులో పెట్టుకొనే పడుకోవాలని, పక్కకు ఒత్తిగిల్లొద్దని చెప్పి పంపారు. మీరు "రికవరీ సూట్" అని రాసింది మామూలు హోటల్ గది. మంచం తలవైపు లేవదు. దిండ్లు అప్పడాల్లా ఉన్నాయి. మా వదిన పరుపు కింద సూట్‌కేసు దూర్చి, మీద రెండు దుప్పట్లు మడిచి ఏటవాలు చేసింది. ఇక భోజనం. మీ "ఇండియన్ మీల్స్"లో తందూరి రోటీ, ఊరగాయ, అప్పడం వచ్చాయి. గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా పట్టీ బిగించిన మనిషి నోరు రెండు వేళ్ల మందం తెరుచుకోదు. ఉప్పు ఎక్కువైతే వాపు కూడా తగ్గదు. ఇంటి నుంచి తెచ్చిన రాగిపిండి లేకపోతే పస్తే. టీ కెటిల్‌లో జావ కాచి స్పూనుతో పోసింది మా వదిన. మీ ప్యాకేజీలో సరిగ్గా పనిచేసింది ఆమె ఒక్కతే, ఆమె టికెట్ డబ్బు కూడా నేనే కట్టాను.

ఆ రాత్రి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చెవుల వెనక నుంచి రెండు సన్నని గొట్టాలు, ఒక్కోదాని చివర నిమ్మకాయంత ప్లాస్టిక్ బుడ్డి. లోపలి చెడు రక్తం అందులోకి దిగుతుంది. బుడ్డి మీద గీతలుంటాయి, ఎంత దిగిందో రాసిపెట్టాలి. తొమ్మిదింటికి కుడి బుడ్డిలో 20 మిల్లీలీటర్లు. ఎడమది ఖాళీ. ఖాళీగా ఉంటే మంచిదే అనుకున్నాం. ఆ తేడా ఏమిటో మాకు చెప్పినవాళ్లు లేరు. పదకొండు దాటాక ఎడమ చెంప బండలా బిగుసుకొచ్చింది. ఒక్క పక్కనే నొప్పి, చర్మం కందగడ్డ రంగు. గొట్టం మూసుకుపోయి రక్తం చర్మం కిందనే గడ్డ కడుతోంది. ఫేస్‌లిఫ్ట్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదేనట, సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుందట, బీపీ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువట. అంటే మీ కోఆర్డినేటర్ అవసరం పడే రాత్రి ఏదైనా ఉందంటే, అదే.

"24 గంటలూ మీ పక్కనే తెలుగు కోఆర్డినేటర్" అని రాశారు. ఆయన మా పక్కన లేడు, కూకట్‌పల్లిలో ఉన్నాడు. మా వదిన పదకొండుసార్లు చేసింది, కాల్ లాగ్ జత చేశాను. బ్యాంకాక్ మనకన్నా గంటన్నర ముందు, అంటే ఆయనకు అప్పుడు రాత్రి పదే. చివరికి హోటల్ రిసెప్షన్‌లోని అమ్మాయి ఫోన్‌లో తర్జుమా యాప్ పెట్టుకొని, నా ముఖం ఒకసారి చూసి, ఆస్పత్రికి తనే ఫోన్ చేసి టాక్సీ ఎక్కించింది. రాత్రి ఒంటిగంటకు కుట్లు విప్పి గడ్డ తీశారు. ఇంకా ఆలస్యమైతే రక్తం అందక చర్మం నల్లబడి చచ్చుబడేదని డాక్టర్ చెప్పాడు. 28,000 బాత్‌ల బిల్లు, ఆనాటి లెక్కన సుమారు 77,000 రూపాయలు. మా వదిన కార్డు గీకింది. ఉచితమన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీని విమానం ఎక్కే రాత్రి మెయిల్ చేశారు. ముందే అనుకొని చేయించుకునే చికిత్సలు, వాటివల్ల వచ్చే ఇబ్బందులు అందులో వర్తించవు. ఏజెంటుగా నాకు ఆశ్చర్యం లేదు. "ఫుల్లీ ఇన్‌ష్యూర్డ్" అని రాసినందుకు మీకు ఉండాలి.

15న పొద్దున ఏడింటికి తలుపు కొట్టారు. ఎవరా అని తీస్తే మీ టూర్ డ్రైవరు, చేతిలో నా పేరు రాసిన అట్ట. ఆ రోజు ఫ్లోటింగ్ మార్కెట్ అట. నా ముఖం బూరెలా ఉబ్బి, కళ్లు గీతలై, రెండు చెవులకూ దూది. పాపం ఆ అబ్బాయి చేతులు జోడించి రెండడుగులు వెనక్కి వేశాడు. 17న పట్టాయా. పచ్చి కుట్ల మీద సముద్రపు ఎండ! మన రంగు చర్మానికి గాయం మీద ఎండ తగిలితే మచ్చ నల్లగా మిగిలిపోతుందని అక్కడి నర్సు కూడా చెప్పింది. ఈ తేదీలు వేసినవాళ్లు కుట్లు పడిన మనిషిని ఎన్నడైనా చూశారా? రెండు టూర్లకూ "నో షో, వాపసు లేదు" అని మెయిల్ పెట్టారు.

తిరుగు టికెట్ 19న. అప్పటికి ఆపరేషన్ అయి ఏడు రోజులు. చెవి ముందు కుట్లు తీశారుగానీ జుట్టులోపలి స్టేపుల్స్ (గాయాన్ని పట్టి ఉంచే లోహపు పిన్నులు) అలాగే ఉన్నాయి. రెండు వారాల దాకా విమానం వద్దన్నాడు డాక్టర్. మళ్లీ రక్తం కారితే గాల్లో చేసేదేమీ ఉండదు, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డ కట్టొచ్చు. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే చివరికి ఎత్తి చెప్పిన మాట: "స్టేపుల్సే కదా మేడం, వరంగల్‌లో ఎవరైనా తీస్తరు." టికెట్ మార్చలేదు. ఇంకో ఏడు రాత్రుల గది, ఇద్దరికి కొత్త టికెట్లు కలిపి 64,500. స్టేపుల్స్ తీయించుకొని 26న శంషాబాద్‌లో దిగాం. బయల్దేరేటప్పుడు బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టు ఫొటో వైపు, నా వైపు ఐదారుసార్లు చూశాడు. ముఖానికి ఆపరేషన్ అయిందని ఆస్పత్రి నుంచి ఒక ఉత్తరం ఇప్పించి ఉంటే ఆ నలభై నిమిషాలు నిలబడేదాన్ని కాదు. సద్దుల బతుకమ్మ నాడు తలుపు వేసుకొని కిటికీలోంచి చూశాను.

ఇప్పుడు ఎడమ దవడ కింద బఠాణీ గింజంత గట్టి ముడి ఉంది, చెవి తమ్మెకు స్పర్శ లేదు. నెలల్లో సర్దుకునేవే కావచ్చు. కానీ ఇక్కడి ప్లాస్టిక్ సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న, లోపల ఏ పొర బిగించారు, ఏ కుట్లు వేశారు అని. నా దగ్గర ఉన్నది థాయ్‌లో రెండు పేజీలు. "ఏడాది పాటు వీడియో కాల్‌లో ఫాలో అప్" అన్నారు. మూడు మెసేజ్‌లకు నీలి టిక్కులు పడ్డాయి, కాల్ మాత్రం పడలేదు.

నేను అడిగేవి ఇవి. ఆ రాత్రి ఆస్పత్రి ఖర్చు 77,000, అదనపు మకాం, టికెట్లు 64,500, తిరగని టూర్ల డబ్బు, మీరు పెట్టని కోఆర్డినేటర్ కోసం ఇన్‌వాయిస్‌లో వేసుకున్న 35,000. ఆపరేషన్ నోట్స్ ఇంగ్లిష్‌లో, ఆస్పత్రి ముద్రతో, పది రోజుల్లో. డబ్బుకు ముప్పై రోజులు ఆగుతాను, నోట్స్‌కు ఆగను. ఆ ముడిని ఇక్కడి డాక్టర్ చేతికి అప్పజెప్పాలంటే అవి కావాలి.

ఒప్పందంలో "వివాదాలు హైదరాబాద్ పరిధి" అని రాసుకున్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండేచోటే కేసు వేయొచ్చు. మా ఊళ్లోనే వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు, గడువు రెండేళ్లు. ఈలోపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తప్పుదోవ పట్టించే ప్రకటన సంగతి వేరే అర్జీ.

చివరగా, నవంబర్‌లో మీ మేనేజర్ ఒకాయన ఫోన్‌లో మెల్లగా అన్న మాట: "కంప్లైంట్ పెద్దగైతే మీ ఇంట్ల, మీ క్లయింట్లకు తెలుస్తది కదా మేడం." మీ ధైర్యమంతా అక్కడే ఉందని నాకు అప్పుడు అర్థమైంది. మొన్న ఆదివారం మా ఆయనకు, పిల్లలకు, ఎదురింటి టీచరమ్మకు, చెవి వెనక మచ్చలతో సహా అన్నీ చూపించాను. టీచరమ్మ ద్వారా సుబేదారి మొత్తానికి తెలిసి ఉంటుంది. ఇకమీదట రాత్రిపూట నా సెల్‌కు రహస్యంగా చేయనక్కర్లేదు. పగలు ఇంటి ల్యాండ్‌లైన్‌కు చేయండి. ఎవరు ఎత్తినా విషయం చెప్పండి, రాసిపెట్టుకుంటారు.

ఇట్లు,
మీ సెప్టెంబర్ ప్యాకేజీ కస్టమర్,
హనుమకొండ.

జత: ఇన్‌వాయిస్, జులై ఫారం నకలు, ఆస్పత్రి బిల్లు, కాల్ లాగ్, టికెట్లు, 14వ తేదీ ఉదయం తీసిన ఫొటోలు రెండు.